కాటా మీద అన్నం: ఒక కిరాణా షావుకారు కేస్ స్టడీ

ముందే చెప్పేస్తాను, ఈ కేస్‌లో నేను మొదట ఇచ్చిన సలహా ఒక్కటీ పనిచెయ్యలేదు. తర్వాత పనిచేసినవాటిలో సగం పేషెంటు సొంతంగా కనిపెట్టుకున్నవే. తెనాలిలో డైటీషియన్‌గా పన్నెండేళ్లుగా చేస్తున్నాను. బాగా కుదిరిన కేసులు రాసుకోవడం సులువు. ఇది రాయడానికి కొంచెం మొహమాటంగానే ఉంది.

రాస్తానంటే ఆయన ఒప్పుకున్నారు. "పేరు మాత్రం వద్దండీ, కొట్టుకొచ్చేవాళ్లు ఆటపట్టిస్తారు" అన్నారు. అందుకని ఎవరో తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. వాళ్ల వీధిలో అందరూ పిలిచినట్టే నేనూ షావుకారు గారనే అంటాను.

వచ్చినప్పటి పరిస్థితి

2024 జూన్‌లో మొదటిసారి వచ్చారు. వయసు 49. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86.4 కిలోలు, నడుం చుట్టుకొలత 106 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 30.6. మన భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మగవాళ్లకి నడుం 90 సెంటీమీటర్లు దాటకూడదు. పరగడుపున షుగర్ 117, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.3, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 246, బీపీ 138/88. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు పేరుకుందని వచ్చింది.

హెచ్‌బీఏ1సీ 5.7 లోపల ఉంటే మామూలు, 6.5 గానీ ఆ పైన గానీ ఉంటే షుగర్ వ్యాధి. ఈయన ఆ రెండింటి మధ్యా, గుమ్మం దగ్గర నిలబడ్డారన్నమాట. ఫిజీషియన్ ఈసీజీ తీయించి, గుండె సంగతి చూసి, "మూడు నెలలు టైమిస్తున్నా, మందు లేకుండా ప్రయత్నించండి" అని నా దగ్గరికి పంపారు.

ఇంట్లో నలుగురు. ఆయన, ఆయన భార్య, 74 ఏళ్ల తల్లి, డిగ్రీ అయిపోయిన కొడుకు. శాకాహారులు. సిగరెట్, మందు అలవాటు లేదు. వాళ్ల నాన్నగారికి షుగర్ ఉండేది, కాలు వేలు తీసేశారు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం షావుకారు గారి గొంతు తగ్గింది. మిగతా అంతసేపూ నన్ను సముదాయిస్తున్నట్టే మాట్లాడారు: "అలాగేనండీ, తప్పకుండానండీ, మీరు చెప్పినట్టే చేస్తానండీ." కొట్లో సరుకు ఆలస్యమైనప్పుడు ఖాతాదారుతో మాట్లాడే గొంతు అది. అప్పుడు నాకు తెలీలేదు.

అచ్చేసిన చార్టు

నేనిచ్చిన చార్టు ఇలా ఉంది. ఉదయం ఆరున్నరకి 45 నిమిషాలు వాకింగ్. ఎనిమిదికి ఓట్స్. పదకొండుకి జామకాయ. ఒంటిగంటకి రెండు పుల్కాలు, కప్పు పప్పు, కప్పు కూర, కప్పు పెరుగు. రాత్రి ఏడున్నరకి మళ్లీ రెండు పుల్కాలు. టీ మానెయ్యాలి. లామినేషన్ చేయించి మరీ ఇచ్చాను.

జులైలో రావాల్సినాయన సెప్టెంబర్ ఆఖర్న వచ్చారు. బరువు 86.9. హెచ్‌బీఏ1సీ 6.4. వాకింగ్ తొమ్మిది రోజులు చేశారట, మోకాళ్లు పట్టేశాయి, మానేశారు. ఓట్స్ మూడు రోజులు తిన్నారు. మధ్యలో ఎవరో చెప్పారని రెండు వారాలు అన్నం పూర్తిగా మానేసి కొర్రలు, అరికెలు తిన్నారు, అది కూడా అన్నం తిన్నంతా వండించుకుని. కొర్రల్లో పీచు ఎక్కువ, నిజమే. కానీ కంచం నిండా తింటే కొర్రలైనా పిండిపదార్థమే కదా. రాగిజావ పల్చగా కాచి బెల్లమేసుకుని తాగి "మిల్లెట్స్ తీసుకుంటున్నానండీ" అనేవాళ్లు నాకు వారానికి ఇద్దరు ముగ్గురు తగులుతుంటారు.

ఆ రోజు ఆయన్ని తిట్టబోయి, ఎందుకో ఆగి, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో గంట గంటకీ చెప్పండి" అన్నాను. జూన్‌లోనే అడగాల్సిన ప్రశ్న.

పావుతక్కువ ఐదుకి లేస్తారు. ఐదుంబావుకి పాల ప్యాకెట్ల వ్యాన్ వస్తుంది, కొట్టు తెరవాలి. ఏడు వరకు పాల గిరాకీ. అంటే నేను వాకింగ్‌కి రాసిన ఆరున్నరకి ఈయన కౌంటర్ వెనక చిల్లర లెక్కపెడుతున్నారు. తొమ్మిదికి ఎదురుగా బండి నుంచి టిఫిన్, నాలుగిడ్లీలో, పూరీయో, మైసూర్ బజ్జీయో. ఒంటిగంటన్నరకి ఇంటి నుంచి క్యారేజీ. తిని స్టూల్ మీదే గోడకి ఆనుకుని ఒక కునుకు. సాయంత్రం ఆరింటికి మిర్చిబజ్జీ గానీ పునుగులు గానీ. రాత్రి పదికి కొట్టు కట్టేసి, పదిన్నరకి ఇంట్లో భోజనం, పదకొండుంబావుకి నిద్ర. రాత్రి ఏడున్నర డిన్నర్ అని నేను లామినేట్ చేయించిన సమయానికి ఆయన కొట్లో గిరాకీ మంచి జోరు మీద ఉంటుంది.

చార్టు తప్పని కాదు, ఆ మనిషి రోజులో అది ఇమడలేదు. దాన్ని వెనక్కి తీసుకుని నా బీరువాలో పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

కాటా

నేను ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టుకి వెళ్లాను. ఇలా వెళ్లడం నా అలవాటు కాదు. కానీ క్లినిక్‌లో కూర్చుంటే ఇక ముందుకి సాగేలా లేదు. క్యారేజీ వచ్చింది. కౌంటర్ మీద ఎలక్ట్రానిక్ కాటా ఉంది. రోజూ వందమందికి పప్పులూ చక్కెరా తూచే కాటా.

"ఆ అన్నం గిన్నె దీని మీద పెట్టండి" అన్నాను.

నవ్వారు. గిన్నె బరువు తీసేసి, అలవాటైన చేత్తో సున్నా కొట్టి, అన్నం పెట్టారు. 510 గ్రాములు. ఒక్క నిమిషం మాట్లాడలేదు. "రాత్రి దీనికంటే కొంచెం తక్కువుంటుందండీ" అన్నారు. మర్నాడు ఫోన్ చేసి చెప్పారు, 430.

రోజుకి 940 గ్రాముల అన్నం. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు, అంటే అన్నంలోంచే 1,200 పైన. బియ్యం లెక్కలో చూస్తే 330 గ్రాముల దాకా. నాలుగిడ్లీల్లో ఉన్న రవ్వ కూడా కలిపితే రోజుకి 400 దగ్గరికి చేరుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. అందులో 2,000 కేలరీల రోజుకి చెప్పిన ధాన్యం అన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400. పప్పుధాన్యాలు 85, పల్లీలు బాదం లాంటి గింజలు 35, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, నూనె 27 గ్రాములు.

నేను ఈ అంకెలు జూన్‌లో కూడా చెప్పాను. అప్పుడు తలూపారు. ఇప్పుడు ఆయనే బాకీల పుస్తకం వెనక పేజీ తీసి గీతలు కొట్టి రాసుకున్నారు. తూకం ఆయన భాష. కాటా ఎప్పుడూ అబద్ధం చెప్పదని ముప్పై ఏళ్లుగా ఖాతాదారులకి చెబుతున్న మనిషి.

ఆ ఊపులోనే నూనె లెక్క వచ్చింది. "ఇంటికి నెలకి ఎన్ని ప్యాకెట్లు పంపుతారు?" అన్నాను. ఇంకెవరినడిగినా గుర్తుండదు. ఈయన దగ్గర పుస్తకంలో ఉంది: ఏడు లీటర్లు, నలుగురికి. మనిషికి రోజుకి 58 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 53 గ్రాములు. చెప్పిన దానికి దాదాపు రెట్టింపు. నూనె గ్రాముకి 9 కేలరీలు. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు చాలు. "అంటే సగం ప్యాకెట్లు కొట్లోనే అమ్ముకోవచ్చన్నమాట" అన్నారు. జోక్‌గానే అన్నారనుకోండి, కానీ తర్వాతి నెల నుంచి ఇంటికి ఐదే వెళ్లాయి, ఇప్పుడు నాలుగు.

కూర ఎందుకు ఎక్కువ తినలేం

"అన్నం తగ్గించి కూర ఎక్కువ తినండి" అని డైటీషియన్లందరం చెబుతాం. నేనూ కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. దాన్లో ఉన్న చిక్కు నాకు షావుకారు గారి భార్య చెప్పేదాకా వెలగలేదు.

"కూర ఎక్కువెలా తింటారండీ? ఒట్టి కూర నోట్లో పెట్టుకోలేరు" అన్నారావిడ.

నిజమే కదా! మన కూరలో ఉప్పూ కారం పులుపూ అన్నంలో కలపడానికి సరిపడా పడతాయి. ముద్దకి ఇంత కూర అనే లెక్కలో వండుతాం. అన్నం సగం చేసి కూర రెట్టింపు చేస్తే ఆ ఉప్పూ కారం కూడా రెట్టింపే. నోరు మండుతుంది, వెంటనే చెయ్యి అన్నం గిన్నె మీదికి పోతుంది. పేషెంట్లకి మనసు గట్టిగా లేదనుకుంటాం గానీ అసలు సంగతి తాలింపు గిన్నెలో ఉంది.

ఆవిడతో కూర్చుని రెండు గంటలు మాట్లాడాను. ఒక కూరని "ఒట్టిగా తినే కూర"గా వండాలి. ఉప్పు, కారం సగానికి. సొరకాయ పాలు పోసి వండటం, బీరకాయలో పెసరపప్పు వెయ్యటం, క్యాబేజీ పెసరపప్పు పొడికూర, బీన్స్ కొబ్బరి. దొండకాయ వేపుడు వారానికోసారి, అదీ ముందు ఆవిరి మీద మగ్గించి ఆఖర్న నాలుగు చుక్కల నూనెలో తిప్పడం. ఆవిడకి ఇవన్నీ తెలిసినవే. "మా అమ్మ అలాగే చేసేదండీ, మేమే మర్చిపోయాం" అన్నారు. రెండోది, అంటే పప్పో పులుసో, ఎప్పటిలాగే అన్నంలోకి.

వాళ్లింట్లో నలుగురికి రోజుకి అరకిలో కూరగాయ వండేవారు. కారణం డబ్బు కాదు గానీ, డబ్బు లాంటిదే ఇంకొకటి. బియ్యం, పప్పు, నూనె, చక్కెర కొట్లోంచి వస్తాయి, చేతిలోంచి నోటు తియ్యక్కర్లేదు. కూరగాయలకి మాత్రం నోటు తియ్యాలి. ఇది విన్నాక ఆ ఇంటి కంచం మొత్తం అర్థమైంది. ఇప్పుడు కిలో పైచిలుకు వండుతున్నారు. సూచించిన 400 గ్రాముల దాకా ఇంకా రాలేదు.

తినే వరస కూడా మార్చాం. ముందు కంచంలో ఒట్టి కూర, గుప్పెడు కీరా ముక్కలు. అవి సగం అయ్యాకే అన్నం. కూరగాయ, పప్పు ముందు కడుపులో పడితే వెనక వచ్చే అన్నం నుంచి షుగర్ అంత ఉధృతంగా ఎక్కదు.

పెరుగన్నం దగ్గర మాత్రం యుద్ధం జరిగింది. వాళ్లమ్మగారు, "అమ్మాయ్, వాడికి పెరుగన్నం తినకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. నువ్వేమైనా చెప్పు గానీ అది మాత్రం తీసెయ్యకు" అని ఖరాఖండిగా చెప్పేశారు. తీసెయ్యలేదు. చారన్నం వదిలేశాం. చారు గ్లాసులో పోసుకుని తాగడం మొదలెట్టారు. ఆవకాయ మూడు పూటల నుంచి ఒక పూటకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలంటుంది. ఆవకాయ ఎలా కలుపుతారో తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం 510 నుంచి మొదటి నెల 400, తర్వాత 300. ఒక్కసారిగా సగం కొయ్యలేదు. జూన్‌లో కోసి చూశాం కదా.

ఆరుగంటల బజ్జీ, పదిన్నర భోజనం

ఈ రెండూ ఒకే ముడి. మధ్యాహ్నం తిన్నాక మళ్లీ పదిన్నరకి గానీ తిండి లేదు. తొమ్మిది గంటల ఎడం. ఆరింటికి ఆకలి వెయ్యకపోతేనే ఆశ్చర్యం. బజ్జీలు మానమని చెప్పడం దండగ, ఆ టైముకి ఇంకొకటి ఉండాలి.

కొట్లో బస్తాడు శనగలున్నాయి. రోజూ పొద్దున పాల గిరాకీ అయ్యాక ఒక గ్లాసు శనగలు నానబోసి, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కొడుకుతో ఇంటికి పంపడం, సాయంత్రం అవి గుగ్గిళ్లై తిరిగి రావడం. ఉల్లిపాయ, నిమ్మకాయ, పచ్చిమిర్చి. శనగలైనా పెసలైనా అలసందలైనా. ఇది నేను చెప్పింది. గుగ్గిళ్లు ఆరింటికి వస్తే, రాత్రి భోజనం క్యారేజీ కూడా ఎనిమిదికి కొట్టుకే తెప్పించుకోవడం ఆయన ఆలోచన. పదికి ఇంటికెళ్లాక ఒక గ్లాసు పల్చటి మజ్జిగ, అంతే. రాత్రి అన్నం 200 గ్రాములకి దిగింది.

ఇక్కడ అనుకోని ఫలితం ఒకటి ఇంటావిడకి దక్కింది. పదిన్నరకి ఆయన తిన్నాక పదకొండుకి ఆవిడ తినేవారు, మిగిలిన అన్నం పారెయ్యలేక తన ఆకలికి మించి. ఇప్పుడు ఎనిమిదికే అత్తాకోడళ్లు కలిసి తింటున్నారు. ఆవిడ నా పేషెంటు కాదు, రికార్డు లేదు. "జాకెట్లు వదులయ్యాయండీ" అన్నారు.

బజ్జీ పూర్తిగా పోయిందా అంటే, లేదు. శనివారం సాయంత్రం రెండు. ఆ రెండూ బాకీల పుస్తకం వెనక పేజీలో ఖర్చు వైపు రాసి ఉంటాయి. జమ వైపు నడక నిమిషాలు, కూర తిన్న పూటలు. ఫోన్‌లో యాప్ పెట్టుకోమని జూన్‌లో చెప్పాను, ఎప్పుడూ తెరవలేదు. ఈ పుస్తకం రోజుకి ఇరవైసార్లు తెరుస్తారు.

టీ సంగతి క్లుప్తంగా. రోజుకి ఆరు. కంపెనీ సేల్స్‌మన్ ఎవరొచ్చినా టీ చెప్పడం మర్యాద, తను కూడా తాగాలి. గ్లాసుకి రెండు చెంచాల చక్కెర అనుకున్నా రోజుకి 50 గ్రాములు దాటుతుంది. మొత్తం రోజుకి అదే పైహద్దు, సగమైతే ఇంకా మంచిది. చక్కెర లేకుండా ఇమ్మంటే టీ కొట్టాయన పాలలోనే చక్కెర కలిపేస్తాడు, కుదరదు. చివరికి పొద్దున ఇంటి నుంచి చక్కెర లేని టీ ఫ్లాస్కులో రెండు కప్పులు, సాయంత్రం బయటి టీ ఒకటి. సేల్స్‌మన్లకి ఎండాకాలంలో మజ్జిగ పోస్తున్నారు. కొందరు మొహం మాడ్చుకుంటున్నారట.

నా చార్టులో ఊహకి కూడా అందనిది ఇంకోటుంది. డేట్ దగ్గరపడిన బిస్కెట్లు, మిక్చర్ ప్యాకెట్లు, నలిగిపోయిన కేకులు ఇంటికి చేరేవి, "పారేయడమెందుకు" అని. నెలకి ఒక అట్టపెట్టె నిండా. కిరాణా కొట్టున్న ప్రతి ఇంట్లోనూ ఈ పెట్టె ఉంటుందని ఇప్పుడు అడిగి తెలుసుకుంటున్నాను. కంపెనీ వెనక్కి తీసుకునేవి వేరుపెట్టి, మిగతావి నెల ముందే సగం రేటుకి కౌంటర్ ముందు పెట్టేస్తున్నారు.

కదలిక

ఫోన్‌లో అడుగుల లెక్క చూస్తే రోజుకి 900 చూపించింది. నమ్మబుద్ధి కాలేదు. చూస్తే ఫోన్ రోజంతా కౌంటర్ మీద పడి ఉంటోంది. చొక్కా జేబులో పెట్టుకోమంటే 2,100 వచ్చింది. అదైనా తక్కువే.

పెద్దవాళ్లకి వారానికి 150 నిమిషాలు, వీలైతే 300 దాకా ఒక మోస్తరు వేగంతో కదలిక ఉండాలని, రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే పని చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనలు చెబుతాయి. అవన్నీ ఒకే విడతలో నడవాలని లేదు. ఈయనకి 45 నిమిషాల ముక్క రోజులో ఎక్కడా లేదు. పది నిమిషాల ముక్కలు మాత్రం దొరికాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక కునుకుకి ముందు పది నిమిషాలు, రాత్రి ఎనిమిది భోజనం అయ్యాక పది, కొట్టు కట్టాక ఇంటికి బండి మీద కాకుండా కాలవ గట్టు వెంట నడిచి వెళ్లడం.

భోజనం అయ్యాకే ఎందుకంటే, నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటాయి. అన్నం నుంచి షుగర్ ఎక్కే సమయానికే ఆ పని జరగాలి. ఇదంతా చెబితే "అలాగేనండీ" అన్నారు. ఆ "అలాగేనండీ" అంటే ఏమిటో అప్పటికి నాకు బాగా తెలుసు. గ్లూకోమీటర్ పట్టుకెళ్లాను. ఒకరోజు 400 గ్రాముల అన్నం, పప్పు తిని మామూలుగా కునుకు. గంటన్నరకి 192. రెండ్రోజుల తర్వాత అదే అన్నం, అదే పప్పు, తిన్నాక పదిహేను నిమిషాలు నడక. 158. రెండు రీడింగులతో సైన్స్ తేలదు, నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి మధ్యాహ్నం నడకకి నేను మళ్లీ గుర్తుచెయ్యాల్సిన పని పడలేదు.

కొట్లో కుర్రాడు ఒకడుంటాడు. షావుకారు గారు స్టూల్ మీద కూర్చుని "రెండు కిలోల కందిపప్పు, ఒక డిటర్జెంట్" అంటే వాడు తెచ్చేవాడు. పొద్దున ఏడు నుంచి పది వరకు సరుకు తనే లేచి తియ్యాలని, గోడౌన్‌లోకి తనే వెళ్లాలని అనుకున్నాం. నాలుగో రోజు ఆ కుర్రాడు ఏడుపు మొహంతో ఇంటావిడ దగ్గరికి వెళ్లాడట, "నన్ను మానిపిస్తున్నారాండీ" అని. ఇది ముందే వాడికి చెప్పాలని మా ఇద్దరికీ తట్టలేదు. ఇప్పుడు వాడే "అయ్యా, లెగండి" అంటున్నాడు.

మోకాళ్ల కోసం స్టూల్ మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మొదట ఐదుసార్లు, రెండు పూటలా. రెండు నెలల్లో పదిహేనుకి వచ్చారు. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఫిజియోథెరపిస్ట్ చూసి సరేనన్నాకే మొదలెట్టాం.

పండగలు

కార్తీకమాసం సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్రం చూశాక రెండు పూటల తిండీ ఒకేసారి తినేవారు. ఉపవాసం మానమనలేదు. చుక్క కనపడ్డాక ముందు పండు, గుగ్గిళ్లు, అరగంట ఆగి భోజనం. ఇంతకంటే నేను జోక్యం చేసుకోలేదు. ఒక మాట, ఈయన షుగర్ మాత్రల మీద లేరు కాబట్టి సరిపోయింది. మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా ఉపవాసాలుండటం, అన్నం ఒక్కసారిగా తగ్గించడం చెయ్యకూడదు, షుగర్ పడిపోవచ్చు.

సంక్రాంతికి మాత్రం ఓడిపోయాం. డిసెంబర్‌లో 84.0కి వచ్చిన బరువు జనవరి ఆఖరికి 85.2. అరిసెలు, చక్రాలు, కూతురు అల్లుడు రావడం. పుస్తకంలో జనవరి 12 నుంచి 20 వరకు పేజీ ఖాళీ. ఆయన తలదించుకుని కూర్చున్నారు. నేను ఆ పేజీ తిప్పేసి, "21న ఏం రాశారు?" అని అడిగాను. మధ్యాహ్నం నడక 10 నిమిషాలు అని ఉంది. అదే చాలు. నా అనుభవంలో పండక్కి కిలో పెరిగినవాళ్లు ఆగిపోరు. పెరిగానని సిగ్గుపడి క్లినిక్‌కి రానివాళ్లే ఆగిపోతారు.

ఏడాదికి

2025 మార్చిలో బరువు 82.1, హెచ్‌బీఏ1సీ 5.9. సెప్టెంబర్‌లో బరువు 79.6, నడుం 97, హెచ్‌బీఏ1సీ 5.8, ట్రైగ్లిజరైడ్స్ 158, బీపీ 128/82, స్కానింగ్‌లో గ్రేడ్ 1. అడుగులు రోజుకి సుమారు 6,500.

లెక్క ప్రకారం ఇంకా ఆ గుమ్మం దగ్గర్నుంచి పూర్తిగా వెనక్కి రాలేదు, 5.7 దాటే ఉన్నారు. బీఎంఐ 28. ఫిజీషియన్ సంతోషించారు, షావుకారు గారు మాత్రం "ఇంకా పాసవ్వలేదా అండీ" అన్నారు. ఆయనకి చెన్నైలో జరిగి 2006లో ఫలితాలు వచ్చిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ గురించి చెప్పాను. ఈయనలాగే గుమ్మం దగ్గరున్న 531 మంది, మూడేళ్లు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వ్యాధిగా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది, వాళ్ల బరువు పెద్దగా తగ్గకుండానే. ఆయన లెక్కలు కట్టుకుని, "అంటే వందలో ఇరవై ఎనిమిదిన్నర డిస్కౌంటు" అన్నారు. అలా అర్థం చేసుకున్నా నాకభ్యంతరం లేదు.

దేనివల్ల ఎంత తగ్గిందో విడదీయడం కుదరదు. ఫిబ్రవరి నుంచి పొద్దున పాల వ్యాన్ పని కొడుకు చూసుకుంటున్నాడు, ఈయనకి గంటన్నర నిద్ర పెరిగింది. దాని వాటా కూడా ఉంటుంది. ఇదే పద్ధతి ఇంకో షావుకారుకి పెడితే పనిచేస్తుందని కూడా అనను. ఈ మధ్య ఒక ఆటో డ్రైవర్ వచ్చారు, ఆయనకి కాటా లేదు, క్యారేజీ లేదు, ఎక్కడ తింటారో ఆయనకే తెలీదు. మళ్లీ మొదటి నుంచి, గంట గంటకీ.

మిగిలిన పని

షావుకారు గారు లేచి తిరగడం మొదలెట్టాక కౌంటర్ దగ్గర ఆ స్టూల్ ఖాళీ అయింది. ఇప్పుడు దాని మీద కొడుకు కూర్చుంటున్నాడు. వయసు 22. మొన్న వెళ్లినప్పుడు చూశాను, ఒక చేతిలో ఫోన్, పక్కన డేట్ దగ్గరపడిన చిప్స్ ప్యాకెట్ చించి ఉంది. తాతకి, తండ్రికి ఉన్న చరిత్ర వాడికీ ఉంది. "ఒకసారి వచ్చి బరువు చూసుకుని, పరగడుపున రక్తం ఇచ్చి వెళ్లు నాన్నా" అన్నాను.

"చూద్దాంలే ఆంటీ" అన్నాడు, కళ్లు ఫోన్ మీంచి తియ్యకుండా. వెనక గోడౌన్‌లోంచి వాళ్ల నాన్న శనగల బస్తా ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపిస్తోంది.